మోకాళ్ళకు పీఆర్‌పీ సూది: ముందు పది రోజులు, తర్వాత ఆరు వారాలు ఎలా గడపాలి?

తమ్ముడూ, మీ అమ్మకు 58 ఏళ్ళని, ఆరేళ్ళుగా మోకాళ్ళ నొప్పులని, గుజ్జు అరిగింది కాబట్టి పీఆర్‌పీ ఇంజక్షన్ (మన రక్తం నుంచే తీసిన ద్రవాన్ని మోకాలిలోకి ఎక్కించే సూది) చేయిద్దామని డాక్టర్ అన్నారని రాశారు. ముందు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి, ఇప్పుడు చేయిస్తే దీపావళికల్లా పరకాలలో మీ చేన్లో పత్తి ఏరగలదా అని అడిగారు. నేను హన్మకొండలో బట్టలు కుడతాను. ఎడమ మోకాలికి ఇదే సూది రెండుసార్లు వేయించుకున్నాను. మొదటిసారి డబ్బులు పోయాయి, గుణం కనిపించలేదు. రెండోసారి కనిపించింది. నేను డాక్టర్‌ను కాను, నాకు జరిగింది చెబుతున్నాను.

ముప్పై ఏళ్ళు మిషన్ తొక్కిన కాలు ఇది. పొద్దున్నే ఎసిక్లోఫినాక్ అనే నొప్పి గోలీ పడనిదే పనిలో కూర్చోలేకపోయేదాన్ని. మొదటిసారి వెళ్ళిన చోట ఆ గోలీల గురించి ఎవరూ అడగలేదు, చెప్పాలని నాకూ తెలియదు. సూది రోజు పొద్దున కూడా వేసుకునే వెళ్ళాను. రాత్రి మోకాలు సలుపుతుంటే ఇంకోటి వేసుకున్నాను. మూడు నెలలు చూశాను, ఏ మార్పూ లేదు. రెండోసారి వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన ముందుగా అడిగింది ఆ గోలీల సంగతే.

కారణం ఇదీ. చేతి నుంచి రక్తం తీసి మిషన్‌లో వేగంగా తిప్పుతారు. ఎర్ర కణాలు అడుగుకు దిగి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే పసుపు రంగు ద్రవం పైకి తేలుతుంది. దాన్నే మోకాలి కీలులోకి ఎక్కిస్తారు. దెబ్బ తగిలిన చోట కాస్త వాచి, ఆ తర్వాత మానుతుంది కదా, అలాంటి మరమ్మతును లోపల మొదలుపెట్టించాలని ఈ వైద్యం. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫినాక్ లాంటివి ఆ వాపునే అణిచేస్తాయి, ప్లేట్‌లెట్ల పనికీ అడ్డుపడతాయి. నాకు పది రోజుల ముందే ఆపించారు, సూది తర్వాత నాలుగు వారాలు ముట్టుకోవద్దన్నారు. నొప్పికి పారాసిటమాల్ ఒక్కటే. కొందరు డాక్టర్లు వారం ముందు ఆపితే చాలంటారు, కొందరు రెండు వారాలంటారు. మీ డాక్టర్ ఎన్ని రోజులంటే అన్ని రోజులు ఆపండి. నా మొదటి సూది ఆ గోలీల వల్లే చెడిందని ఒట్టేసి చెప్పలేను, కానీ మీ అమ్మ విషయంలో ఆ పొరపాటు జరగనివ్వొద్దు.

పల్లెల్లో ఒళ్ళు నొప్పులంటే ఆర్‌ఎంపీ గోలీలు పొట్లం కట్టి ఇస్తాడు, వాటి పేర్లు మనకు తెలియవు. ఇంట్లో ఉన్న గోలీలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళి డాక్టర్‌కు చూపించండి. మోకాలిలో ఇంతకు ముందు స్టెరాయిడ్ సూది ఏదైనా పడిందేమో గుర్తు చేసుకుని చెప్పండి, దానికీ దీనికీ మధ్య గడువు ఉండాలి. గుండె కోసం ఆస్పిరిన్ లాంటి రక్తం పలుచన చేసే గోలీలు వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపకండి, ఆ గోలీలు రాసిన డాక్టర్‌నే అడగాలి. బీపీ, షుగర్ మందులు నడవనివ్వండి. షుగర్ ఎక్కువగా ఉంటే ముందు అదుపులోకి తెచ్చుకోవాలి. ఈ మధ్య డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటే అదీ చెప్పాలి.

ఇంట్లో సర్దుబాటు కూడా ముందే చేసుకోండి. కింద కూర్చునే లెట్రిన్ అయితే మధ్యలో రంధ్రం ఉన్న కుర్చీ ఒకటి కొనండి. నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది అదే. మంచం, నీళ్ళు, ఫోను పక్కనే ఉండాలి. బస్సు ఫ్రీ కదా అని ఆ రోజు బస్సులో తీసుకురాకండి, ఆ మెట్లు ఎక్కి దిగడం కష్టం. ఆటో మాట్లాడుకోండి. చీర కంటే మోకాలి పైకి సులువుగా జరిగే వదులు నైటీ మేలు. ఖాళీ కడుపుతో వెళ్ళనవసరం లేదు, తిని, నీళ్ళు బాగా తాగి వెళ్తే రక్తం తీయడం సులువు.

సూది పడేది కొన్ని నిమిషాలే. కష్టమంతా ఆ తర్వాత రెండు రాత్రులు. మోకాలు బిగుసుకుని, లోపల ఏదో నిండినట్టు సలుపుతుంది. రెండో రోజు నాకు ఏడుపొచ్చింది. మా ఆయన మందుల షాపుకు పోయి నొప్పి గోలీ తెస్తానంటే చెయ్యి పట్టుకుని ఆపాను. మీ ఇంట్లోనూ ఆ సమయం వస్తుంది, అందరికీ ముందే చెప్పి ఉంచండి. ఐస్ పెట్టొచ్చా అన్నది డాక్టర్‌ను అడగండి, నాకు మొదటి రెండు రోజులు వద్దన్నారు. జండూబామ్ రాసి మాలిష్ చేయడం, పసర్లు కట్టడం ఏవీ వద్దు. మూడో రోజు నుంచి నొప్పి తగ్గుముఖం పట్టాలి. అలా కాకుండా జ్వరం వచ్చినా, మోకాలు ఎర్రబడి వేడిగా ఉబ్బుతున్నా, కాలు మోపలేకపోయినా తెల్లారేదాకా ఆగకండి. రాత్రయినా సరే ఆ డాక్టర్‌కు ఫోన్ చేయండి, దొరకకపోతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

వారం తర్వాత నాతో వ్యాయామం మొదలుపెట్టించారు. టవల్ చుట్టి మోకాలి కింద పెట్టుకుని, కిందికి నొక్కి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలడం. ఆ తర్వాత కాలు నిటారుగా ఎత్తడం. తొడ కండ గట్టిపడితేనే మోకాలి మీద భారం తగ్గుతుంది. ఆరో వారం దాకా పెద్దగా తేడా తెలియలేదు, ఒట్టిదే అనుకున్నాను. మూడో నెలలో ఒక సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద ఎక్కడా కూర్చోకుండా చాలా దూరం నడిచాను. అయినా కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం ఇప్పటికీ లేదు. మిషన్‌కు మోటారు పెట్టించాను, కుడికాలితోనే నొక్కుతాను.

ఇది అందరికీ పనిచేస్తుందని మాత్రం అనుకోకండి. 2021లో ఆస్ట్రేలియాలో 288 మంది మోకాలి నొప్పి వాళ్ళ మీద జరిగిన పరిశోధనలో, పీఆర్‌పీ వేసినవాళ్ళకూ ఉత్త సెలైన్ నీళ్ళు వేసినవాళ్ళకూ ఏడాది తర్వాత నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మేలు కనిపించిన పరిశోధనలూ ఉన్నాయి. ఎముకకు ఎముక రాసుకునేంత అరిగిపోతే దీనితో లాభం తక్కువ. గుజ్జు కొత్తగా పెరుగుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. దీన్నే స్టెమ్ సెల్ వైద్యమని చెప్పి ఎక్కువ డబ్బు అడిగితే లేచి వచ్చేయండి, పీఆర్‌పీ స్టెమ్ సెల్ కాదు. ఇన్సూరెన్స్ ఉంటే, వర్తిస్తుందో లేదో ముందే అడగండి.

ఇక పత్తి సంగతి. దీపావళికి వద్దు తమ్ముడూ. రోజంతా వంగి, ఒళ్ళో పత్తి బరువుతో సాలెంట నడిచే పని అది. నేను దసరా బ్లౌజులన్నీ ఇచ్చేసి, తర్వాత నెలన్నర ఆర్డర్లు తీసుకోలేదు కాబట్టే కాలుకు విశ్రాంతి దొరికింది. ఈసారి పత్తి ఏరడానికి కూలీలను పెట్టుకోండి, లేదంటే ఏరడం మొత్తం అయ్యాక సంక్రాంతి తర్వాత వేయించండి. ఈలోపు ఆ టవల్ వ్యాయామం డాక్టర్‌ను అడిగి ఇప్పుడే మొదలుపెట్టించండి. ఎక్స్‌రే రిపోర్టులో అరుగుదల ఏ గ్రేడ్ అని ఉందో, రెండు మోకాళ్ళకూ ఒకే రోజు వేస్తామన్నారా అన్నది కూడా రాయండి. ఒకే రోజు అంటే ఇంట్లో ఇద్దరు మనుషులు ఆసరాగా ఉండాల్సి వస్తుంది.