ముందు చెట్టు, తర్వాత గిన్నె, చివరికి పేరు

చి. ప్రసన్నకు ఆశీస్సులు.

జర్మనీలోని బవేరియాలో, సూదాకుల చెట్టయిన స్ప్రూస్ అడవుల్లో కోన్‌ల (గింజలుండే పొలుసుల కాయల) మీద మొలిచే గిన్నె శిలీంధ్రాల గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి వాక్యంలోనే జాతి పేరు చెప్పేశావు, ఏ చెట్టు కోనో మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఈ చిట్టి గిన్నెల గుర్తింపు సగం చెట్టు దగ్గరే తేలిపోతుందమ్మా.

స్ప్రూస్ కోన్ కొమ్మకు వేలాడుతుంది, రాలితే మొత్తంగా రాలుతుంది. ఫర్ అనే మరో సూదాకు చెట్టు కోన్ కొమ్మ మీద నిటారుగా నిలబడి అక్కడే విచ్చిపోతుంది, అందుకే నేల మీద విడి పొలుసులే దొరుకుతాయి. డగ్లస్ ఫర్ అయితే పొలుసుల సందుల్లోంచి మూడు మొనల రెక్కలు పొడుచుకొస్తాయి. మంచు కరిగే రోజుల్లో స్ప్రూస్ కోన్ మీద నలుపు తిరిగిన ఆలివ్ గోధుమ రంగు గిన్నెలు, పొట్టి కాడతో కనబడితే ముందు పిసియోంఫాలె బల్గారియాయిడిస్‌ను అనుమానించు. వసంతంలో ఫర్ పొలుసు మీద దాల్చినచెక్క రంగులో, సన్నని కాడతో ఉంటే సిబోరియా రూఫోఫస్కాను. అనుమానమే సుమా, మైక్రోస్కోపు కింద చూసేదాకా పేరు రాయకు.

గిన్నెను పీకొద్దు. మట్టి మెల్లగా తప్పించి కాడ ఎక్కడ పుట్టిందో చూడు: పొలుసు మీదనా, కింద ఇరుక్కున్న సూదాకు మీదనా? పుట్టినచోట పొలుసు నల్లబడి ఉంటే అదీ రాయి. "గోధుమ రంగు" అని ఒక్కమాటలో సరిపెట్టకు. లోపలి తలం, అంచు, వెలుపలి తలం వేర్వేరుగా, తడిగా ఉన్నప్పుడూ ఆరాకా రాసుకో. అంచున నూగు ఉందేమో పదిరెట్ల భూతద్దంతో చూడు. లేత గిన్నె లోతుగా, ముదిరినది పళ్లెంలా ఉంటుంది గనుక అన్ని వయసులవీ ఏరుకో.

ఇక కోత. బ్లేడుతో వెలుతురు కనబడేంత పలుచగా నిలువు ముక్క తీసి, ముందు మామూలు నీటిచుక్కలోనే పెట్టు. చాలామంది నేరుగా పొటాషియం హైడ్రాక్సైడ్ వేస్తారు. దాంతో కణాలు చచ్చిపోతాయి, పారాఫైసిస్‌లలోని (ఆస్కస్‌ల మధ్య ఉండే సన్నని పోగుల్లోని) మెరిసే రసబిందువులు మాయమవుతాయి, ఆస్కస్‌లు, అంటే సిద్ధబీజాలుండే సంచులు, కుంచించుకుపోతాయి. నీటిలో చూశాకే కవర్‌స్లిప్ అంచున లుగోల్ అనే అయోడిన్ ద్రావణం చుక్క వేసి, అవతల బ్లాటింగ్ కాగితంతో లాగు. 100 మి.లీ. నీటికి 1 గ్రాము అయోడిన్, 3 గ్రాముల పొటాషియం అయోడైడ్ చాలు. లుగోల్‌లో ఆస్కస్ కొన ఎర్రబడే జాతులున్నాయి. అయోడిన్ ఉన్న మరో ద్రావణం మెల్జర్ ఆ ఎరుపును అణచేస్తుంది, చూసినవాళ్లు "రంగు రాలేదు" అని రాసేస్తారు. 1987లో శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు బారల్ ఈ తేడాను వివరంగా చూపించాడు. అందుకే ఏ ద్రావణం వాడావో పేరుతో సహా రాయాలి. హైడ్రాక్సైడ్ వంతు ఆఖరున.

సిద్ధబీజాలను (స్పోర్లను) ఆస్కస్ లోపల కొలవకు, అవి ఇంకా పక్వానికి రాలేదేమో. తడి డబ్బాలో రాత్రంతా గిన్నెకు ఎదురుగా కవర్‌స్లిప్ ఉంచితే పండినవి తామే ఎగిరిపడతాయి. కనీసం ఇరవై కొలువు, పొడవూ వెడల్పూ రెండూ. ఐపీస్ స్కేలును (కంటి కటకంలోని కొలబద్దను) ప్రతి ఆబ్జెక్టివ్‌కూ స్టేజ్ మైక్రోమీటర్‌తో, అంటే కొలత గీతలున్న స్లైడుతో, సరిచూసుకోవాలి. 1 మి.మీ.ని వంద గీతలుగా విడగొట్టినదైతే ఒక్కో గడి 10 మైక్రాన్లు.

వ్యాసాన్ని ఈ వరసలోనే తిరగరాయి. జాతి తేలకపోతే ప్రజాతి (జీనస్) పేరు దగ్గరే ఆగు, దాన్ని లోపంగా ఎవరూ చూడరు. గిన్నెలను గది గాలికే ఆరబెట్టి, అవి మొలిచిన పొలుసుతో కలిపి కాగితపు పొట్లంలో పెట్టు. పైన తేదీ, చెట్టు పేరు, చోటు, ఎత్తు రాసి, ఫొటోలతో పాటు నాకు పంపు.