తల్లిదండ్రులే మాట్లాడేస్తుంటే ఏం చేయాలి?

మీ పోస్టు చదివాను. వైకల్యం ఉన్నవాళ్లు రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్చుకునేలా నెలకోసారి వర్క్‌షాప్ పెడుతున్నారు. మొదటిసారి పన్నెండు మంది వస్తే మూడోసారికి నలుగురే మిగిలారు, వాళ్ల బదులు కూడా తల్లిదండ్రులే మాట్లాడేస్తున్నారు. టెన్షన్ పడకండి, ఇది సరిచేసుకోగలిగిందే.

తోడు వచ్చినవాళ్లను పక్క గదిలో విడిగా కూర్చోబెట్టండి. వాళ్లకూ చెప్పుకోవాల్సినవి చాలా ఉంటాయి. సైగల భాష అనువాదకులు, వ్యక్తిగత సహాయకులు మాత్రం లోపలే ఉండాలి.

ఉపన్యాసాలు బాగా తగ్గించండి. మా గ్రూపులో పక్షవాతంతో ఎడమ చెయ్యి పడిపోయిన ఒకాయన చొక్కా ఎలా తొడుక్కుంటారో చూపించారు. ముందు కదలని చేతికి తొడిగి, భుజం దాకా లాక్కుని, తర్వాతే రెండో చెయ్యి దూర్చారు. గుండీలు కింది నుంచి పైకి, ఒంటిచేత్తోనే. అప్పటిదాకా నోరు విప్పని ఒకమ్మాయి "మరి జడ ఎలా వేసుకోవాలి?" అని అడిగింది. నా దృష్టిలో మా వర్క్‌షాప్ అసలు మొదలైంది అక్కడే.

వచ్చే నెల ఏం నేర్చుకోవాలో కూడా వాళ్లనే తేల్చుకోనివ్వండి. అమెరికాలోని బర్కిలీలో 1972లో ఇండిపెండెంట్ లివింగ్ (ఎవరి బతుకు వాళ్లే నిర్ణయించుకుని స్వతంత్రంగా జీవించడం) కేంద్రాన్ని పెట్టి నడిపింది వికలాంగులే. వికలాంగుల హక్కులపై 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 26వ అధికరణంలో తోటివారి మద్దతు, అంటే వైకల్యం ఉన్నవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలవడం గురించి ప్రస్తావన నేరుగా ఉంది.

ఇక మానేసిన ఎనిమిది మందికీ మీరే ఫోన్ చేయండి. "ఎందుకు రాలేదు" అనకుండా, "రావడానికి ఏది అడ్డొచ్చింది" అని అడగండి. ఈలోగా టేపు తీసుకుని బాత్రూమ్ తలుపు వెడల్పు కొలవండి. ర్యాంపు అందరికీ గుర్తుంటుంది, ఇది మర్చిపోతారు.