కుర్చీ చూస్తేనే ఏడుస్తోంది.. పాపకు పళ్ల పరీక్ష ఎలా?

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. కింది దవడ పన్ను మీద నల్ల మచ్చ కనిపిస్తే డెంటిస్ట్ దగ్గరకు తీసుకెళ్లాం. కుర్చీ చూడగానే ఏడుపు అందుకుంది, నోరే తెరవలేదు. పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయని మా అత్తగారు అంటున్నారు. వదిలేయొచ్చా?

జవాబు: వదిలేయకండి. ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడటం మొదలైనా, దవడ పాలపళ్లు పదీ పన్నెండేళ్ల దాకా ఉంటాయి. అంటే మీ పాప ఇంకో ఆరేళ్లకు పైగా వాటితోనే నమలాలి. ఆ మచ్చ పిప్పి కావచ్చు, ఒట్టి మరకా కావచ్చు. చూస్తేగానీ చెప్పలేం.

అసలు మొదటి పన్ను వచ్చాక, ఏడాది నిండేలోపే ఒకసారి చూపించాలి. మన దగ్గర ఎక్కువగా బుగ్గ వాచాకే తెస్తారు. నొప్పితో వచ్చిన బిడ్డకు ఆ కుర్చీ అంటే నొప్పే గుర్తుండిపోతుంది.

ఇక భయం సంగతి. ‘అన్నం తినకపోతే డాక్టర్‌తో సూది వేయిస్తా’ అనే మాట ఇంట్లో ఎవరైనా అంటుంటే ముందు అది మానిపించండి. ‘ఏం నొప్పి ఉండదులే’ అని కూడా అనొద్దు. పిల్లల చెవికి అందులో నొప్పి ఒక్కటే వినిపిస్తుంది. ‘డాక్టర్ నీ పళ్లు లెక్కపెడతారు’ అంటే చాలు. వెళ్లేముందు నాలుగు రోజులు అద్దం, చెంచా పట్టుకుని బొమ్మ పళ్లు, మీ పళ్లు పాపతోనే లెక్కపెట్టించండి.

వీలైతే పిల్లల దంత వైద్యుల దగ్గరకే వెళ్లండి. నిద్ర చాలక చిరాకుగా ఉండే వేళ కాకుండా, పొద్దున కడుపు నిండా తిన్నాక తీసుకెళ్లండి. అర్జెంటు కాకపోతే మొదటిరోజు వైద్యమేమీ వద్దు, పరిచయం చేస్తే చాలని డాక్టర్‌కు ముందే చెప్పండి. మేం చేసేదీ అదే. ఏ పరికరమైనా ముందు పేరు చెప్తాం, వేలి గోరు మీద ఆడించి చూపిస్తాం, ఆ తర్వాతే నోట్లో పెడతాం. కుర్చీ పైకీ కిందకీ ఆడిస్తే సగం మంది అక్కడే నవ్వేస్తారు. ఏడ్చినా కంగారు పడకండి. ఏడ్చేటప్పుడు నోరు బాగా తెరుచుకుంటుంది, మాకు అదీ పనికొస్తుంది!

ఇంట్లో రెండు పూటలా బ్రష్ మీరే చేయించండి, బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. రాత్రి పాలు తాగాక బ్రష్ చేయకుండా పడుకోబెట్టొద్దు. ఆర్నెల్లకోసారి చూపిస్తుండండి.

బుగ్గ వాచినా, పంటి నొప్పితో జ్వరం వచ్చినా, రాత్రిళ్లు లేచి ఏడ్చినా మాత్రం ఈ బుజ్జగింపులన్నీ పక్కన పెట్టి వెంటనే తీసుకెళ్లండి.