బ్రెజిల్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్‌కు వాస్కో డ గామా పేరు ఎందుకుంది? దాని చరిత్ర ఏమిటి?

పేరు మన కాలికట్‌కు వచ్చిన ఆ పోర్చుగీసు నావికుడిదే. 1898లో రియో డి జనీరోలోని పోర్చుగీసు వలసదారులు క్లబ్ పెట్టేనాటికి, ఆయన భారత్ చేరి 400 ఏళ్లు. అప్పట్లో అది పడవ పందేల క్లబ్. ఫుట్‌బాల్ 1915లో గానీ మొదలుకాలేదు.

అసలు కథ 1923ది. నల్లజాతి వాళ్లు, కూలీనాలీ చేసుకునేవాళ్లు ఉన్న జట్టుతో, రెండో డివిజన్ నుంచి పైకొచ్చిన మొదటి ఏడాదే వాస్కో రియో ఛాంపియన్ అయింది. ఫ్లమెంగో, ఫ్లుమినెన్సె, బొటాఫోగో లాంటి పెద్దింటి క్లబ్బులకు అది మింగుడుపడలేదు. 1924లో అవి కొత్త లీగ్ పెట్టుకుని, 12 మంది ఆటగాళ్లను తీసేస్తేనే మిమ్మల్ని రానిస్తామన్నాయి. వాళ్లకు సరైన చదువు, ఉద్యోగం లేవన్నది పైకి చెప్పిన సాకు. క్లబ్ అధ్యక్షుడు జోసె అగస్టో ప్రెస్టెస్ ఏప్రిల్ 7న ఉత్తరం రాశారు: ఆటగాళ్లను వదులుకోం, మీ లీగే మాకొద్దు అని దాని సారాంశం. నన్నడిగితే ఆ క్లబ్ గెలిచిన ఏ కప్పుకన్నా ఆ ఉత్తరమే గొప్పది.

మరుసటి ఏడాదే లీగ్ దిగొచ్చి చేర్చుకుంది. సొంత స్టేడియం లేదన్న దెప్పిపొడుపు మిగిలింది కదా, అభిమానులు చందాలు వేసుకుని సావో జనువారియో కట్టించారు, 1927లో తెరిచారు. ఇక శతాబ్ది ఏడాది 1998లో దక్షిణ అమెరికా క్లబ్బుల అతిపెద్ద కప్పు కోపా లిబర్టడోర్స్ కూడా వాస్కోదే.