తమ్ముడు ఇంకా సంతకం పెట్టకపోతే, ముందు దాన్ని ఆపండి

పటాన్‌చెరులో ప్లాస్టిక్ విడిభాగాల యూనిట్‌లో నాలుగేళ్లుగా చేస్తున్న మీ తమ్ముణ్ణి ఈ నెలాఖరుకు ఆపేస్తున్నారని రాశారు. జీతం 17,500, నెలనెలా ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కట్ అయ్యేది, ఉద్యోగం పోతే ఆ ఈఎస్‌ఐ నుంచే కొంత డబ్బు వస్తుందని ఎవరో అన్నారు, నిజమేనా అని అడిగారు. నిజమే. నేను తీసుకున్నాను. కానీ మీరు ఒక మాట కూడా రాశారు: "కంపెనీవాళ్లు ఏదో ఫారం మీద సంతకం పెట్టమంటున్నారు." అది చదివాక నాకు గుండె ఆగినంత పనైంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

2023 ఆగస్టు. పదిహేనో తారీఖు సెలవు తర్వాత వచ్చిన శుక్రవారం. జీడిమెట్ల వైపు మందుల ప్యాకింగ్ యూనిట్‌లో అప్పటికి ఆరేళ్లుగా చేస్తున్నాను. మధ్యాహ్నం భోజనాలు అయ్యాక నలుగురేసి చొప్పున ఆఫీసు గదిలోకి పిలిచారు. టేబుల్ మీద ఒక్కొక్కరి పేరుతో ఇంగ్లిషులో టైపు చేసిన కాగితం, పక్కన మూత తీసి పెట్టిన పెన్ను. ఆర్డర్లు తగ్గాయి, పదిహేడు మందిని తీసేస్తున్నాం, ఇక్కడ సంతకం పెడితే సెటిల్‌మెంట్ వారంలో అయిపోతుంది, రేపు ఇంకోచోట చేరితే వాళ్లు ఫోన్ చేసినా మీ గురించి మంచిగానే చెబుతాం అన్నారు. ఆ కాగితంలో నాకు అర్థమైనవి రెండే మాటలు, పర్సనల్ రీజన్స్. అంటే నా సొంత కారణాలతో నేనే మానేస్తున్నానట. చేతులకు గ్లవ్స్ కూడా తీయలేదు, పెన్ను పట్టుకున్నాను.

అప్పుడు మా లైన్‌లో అందరికంటే పెద్దావిడ, "తీసేసేది వాళ్లయితే, మానేస్తున్నానని నేనెందుకు రాయాలమ్మా?" అంది. ఆ ఒక్క మాటకు నేను పెన్ను కింద పెట్టాను. మేం ఆరుగురం సంతకం పెట్టలేదు. పది రోజులు తిప్పించుకుని చివరకు పని తగ్గినందున తొలగించామని లెటర్ ఇచ్చారు. పెట్టినవాళ్లలో ఒకామె తర్వాత ఈఎస్‌ఐ బ్రాంచ్ ఆఫీసుకు వెళితే, నువ్వే రాజీనామా చేసినట్టు రికార్డులో ఉందమ్మా అని పంపించేశారు. ఆమెకు ఇద్దరు చిన్నపిల్లలు. మా ఇద్దరికీ జీతం ఒక్కటే, కట్టిన చందా ఒక్కటే.

ఉద్యోగం పోతే ఈఎస్‌ఐ డబ్బు ఇచ్చే ఆ పథకం పేరు అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన. 2018 జూలై 1 నుంచి ఉంది. మొదట్లో సగటు జీతంలో 25 శాతమే ఇచ్చేవాళ్లు, అదీ ఉద్యోగం పోయిన మూడు నెలలకు. కరోనా వచ్చాక 2020లో దాన్ని 50 శాతం చేశారు, 30 రోజులు దాటితే చాలు అన్నారు, కంపెనీ ద్వారా కాకుండా మనమే నేరుగా పెట్టుకోవచ్చన్నారు. జీవితం మొత్తంలో కలిపి 90 రోజులకే ఇస్తారు. తప్పు చేశాడని తీసేసినా, స్వచ్ఛందంగా మానేసినా, రిటైరైనా రాదు. కనీసం రెండేళ్లు ఈఎస్‌ఐలో ఉండాలి. ఈఎస్‌ఐ లెక్కలో ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ ఒక చందా కాలం, అక్టోబర్ నుంచి మార్చి ఇంకొకటి. ఉద్యోగం పోవడానికి ముందున్న చందా కాలంలో 78 రోజులకు, అంతకుముందు మూడు చందా కాలాల్లో ఏదో ఒకదాంట్లో ఇంకో 78 రోజులకు చందా కట్టి ఉండాలి. నాలుగేళ్లు నాగా లేకుండా చేసినవాడికి ఇవేవీ అడ్డం కావు. గడువున్న పథకం ఇది, పొడిగిస్తూ వస్తున్నారు. 2024లో పొడిగించినప్పుడు 2026 జూన్ 30 దాకా అన్నారు. కాబట్టి తర్వాత చూద్దాంలే అనుకోవద్దు.

డబ్బు ఎంత? రెండేళ్ల జీతం కూడి 730తో భాగించి, అందులో సగం రోజుకు లెక్క. నా జీతం 16,000. రోజుకు 263 రూపాయలు పడింది, 90 రోజులకు 23,670. మీ తమ్ముడికి రెండేళ్లూ 17,500 ఉందనుకుంటే రోజుకు 287 చొప్పున పాతిక వేల పైనే వస్తుంది. నెలన్నర జీతం కూడా కాదు, తెలుసు. కానీ ఆ డబ్బుతోనే రెండు నెలల ఇంటద్దె, అబ్బాయి స్కూలు ఫీజులో ఒక టర్మ్ కట్టాను. ఎవరి దగ్గరా చేయి చాచలేదు. పైగా అది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. నా జీతంలోంచి 0.75 శాతం, అంటే నెలకు 120 రూపాయలు, కంపెనీ తరఫున 3.25 శాతం, ఏళ్ల తరబడి కట్టిన డబ్బు.

నాకు దీనికంటే పెద్ద టెన్షన్ అమ్మ మందులు. ఆమెకు షుగర్, రోజుకు రెండుసార్లు ఇన్సులిన్. ఉద్యోగంతో పాటు ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో ఇచ్చే మందులు కూడా పోయాయనుకుని, ఫ్రిజ్‌లో ఎన్ని వయల్స్ ఉన్నాయో రాత్రి లేచి లెక్కపెట్టుకునేదాన్ని. బ్రాంచ్ ఆఫీసులో ఒకాయన ఓపిగ్గా కాగితం మీద గీసి చెప్పాడు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ మధ్య కట్టిన చందాకు వైద్యం వచ్చే జనవరి నుంచి జూన్ దాకా ఉంటుంది. అక్టోబర్ నుంచి మార్చి మధ్య కట్టినదానికి జూలై నుంచి డిసెంబర్ దాకా. నేను ఆగస్టు దాకా చేశాను కాబట్టి 2024 జూన్ 30 వరకు అమ్మకు ఇన్సులిన్ అందింది. పది నెలలు! ఇది తెలియక ఎంతమంది బయట మెడికల్ షాపుల్లో అప్పు చేసి కొంటున్నారో.

ఇక అప్లికేషన్. 30 రోజులు దాటాక, వినాయక చవితి అయిన వారంలో ఈఎస్‌ఐ పోర్టల్‌లో ఇన్సూరెన్స్ నంబరుతో లాగిన్ అయి పెట్టాను. ప్రింటు తీసి సంతకం పెట్టి ఆధార్, పాస్‌బుక్ జిరాక్సులతో బ్రాంచ్‌లో ఇచ్చాను. అక్కడ ఆగిపోయింది. నా ఖాతా ఆంధ్రా బ్యాంకుది. అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, కానీ నా ఈఎస్‌ఐ రికార్డులో పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడే ఉంది. పేరులోనూ తేడా. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఈఎస్‌ఐలో ఒక్క అక్షరమే. ఇవి సరిచేయించుకోవడానికి మూడు వారాలు తిరిగాను. మీ తమ్ముడు ఇంకా ఉద్యోగంలో ఉన్నాడు కదా, పేరు, పుట్టిన తేదీ, బ్యాంకు వివరాలు ఈ వారమే చూసుకోమనండి. కంపెనీ చేత దిద్దించుకోవాల్సింది ఏమైనా ఉంటే లోపల ఉండగా అయ్యే పని బయటికి వచ్చాక కాదు.

యూనిట్ మొత్తానికే మూతపడుతున్నా, చట్టప్రకారం రిట్రెంచ్‌మెంట్ చేస్తున్నా, అంటే తప్పేమీ లేకున్నా మనుషులు ఎక్కువయ్యారని తీసేస్తున్నా, రాజీవ్‌గాంధీ శ్రామిక్ కళ్యాణ్ యోజన అని 2005 నుంచి ఇంకొకటి ఉంది. అందులో మొదటి ఏడాది 50 శాతం, రెండో ఏడాది 25 శాతం. అంటే 24 నెలల దాకా వస్తుంది. రెండిట్లో తనకు ఏది వర్తిస్తుందో ఆ తొలగింపు లెటర్ చూపించి అడగమనండి.

ఏడాదిలో 240 రోజులు చేసిన కార్మికుణ్ణి తీసేస్తే నెల ముందు నోటీసు, లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. చేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం పరిహారం కూడా. రాజీనామా రాస్తే ఇదీ పోతుంది. మేం ఆరుగురం కార్మిక శాఖ ఆఫీసులో అర్జీ పెట్టాక నాలుగు నెలలకు ఇచ్చారు. పీఎఫ్‌లో 75 శాతం దాకా తీసుకునే వీలుంది, అవసరమైతే తీసుకోండి. పెన్షన్ భాగాన్ని మాత్రం 10సీ, అంటే ఆ డబ్బు వెనక్కి తీసుకునే ఫారం, పెట్టి ఖాళీ చేయొద్దు. ఆ సర్వీసు పదేళ్లు నిండితే 58 ఏళ్లకు పెన్షన్ వస్తుంది.

మన దగ్గర నిరుద్యోగ భృతి అనగానే అందరికీ డిగ్రీ చదివి ఉద్యోగం రాని పిల్లలే గుర్తొస్తారు. 2018లో ఆంధ్రప్రదేశ్‌లో యువనేస్తం పేరుతో నెలకు వెయ్యి రూపాయలు ఇచ్చింది కూడా వాళ్లకే. ఉన్న ఉద్యోగం పోయిన నలభై ఏళ్ల మనిషి గురించి ఎవరూ మాట్లాడరు. ఉద్యోగం పోయాక తొమ్మిది రోజులు నేను పొద్దున ఏడున్నరకే టిఫిన్ బాక్సు పట్టుకుని బయటికి వెళ్లి, సాయంత్రం దాకా మా పిన్ని ఇంట్లో కూర్చుని వచ్చాను. ఇరుగుపొరుగుకు తెలిస్తే ఏమనుకుంటారోనని. మీ తమ్ముడు ఇంట్లో ముభావంగా ఉంటే తిట్టొద్దు, కాస్త పక్కన కూర్చోండి.

ఈ రాత్రికే అతన్ని ఆ ఫారం ఫోటో తీసి పంపమనండి. రాజీనామా, స్వచ్ఛందంగా, సొంత కారణాలు, వీటిలో ఏ మాట ఉన్నా సంతకం పెట్టొద్దనండి. ఇంట్లో చదివించుకుని రేపు ఇస్తాను అంటే చాలు, గొడవ పడక్కర్లేదు. ఇప్పటికే పెట్టేసి ఉంటే ఏ తేదీన, ఏం రాసి ఉందో కింద రాయండి, ఏం చేయొచ్చో చూద్దాం.