పేరు చెక్కించే ముందు రిజిస్టరు చూడండి
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: మాది నిజాం కాలంనాటి బడి. పాతికేళ్లకు పైగా పనిచేసిన టీచర్లు, ఇతర సిబ్బంది పేర్లన్నీ ఒక రాయి మీద చెక్కించాలని పూర్వ విద్యార్థులం అనుకున్నాం. కానీ ఎవరిని అడిగినా ఒక్కో సంవత్సరం చెబుతున్నారు. ఏది నమ్మాలి?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: మనుషుల మాటను పేర్ల విషయంలో నమ్మండి, తేదీల విషయంలో నమ్మకండి. సర్వీసు రిజిస్టరు చూస్తే సరిపోతుందనుకుంటారు గానీ, బదిలీ అయితే అది మనిషి వెంటే వెళ్లిపోతుంది. కాబట్టి బడిలో మిగిలేవి హాజరు పట్టీలు, జీతాలు ముట్టినట్టు సంతకాలు పెట్టే అక్విటెన్సులు, బడిలో జరిగిన సంగతులు రాసిపెట్టే లాగ్ బుక్కు. ముప్పయ్యేళ్ల పట్టీలు పేజీ పేజీ తిరగేయనక్కర్లేదు. ఏటా ఒకే నెల, జూలై అనుకోండి, తీసి చూడండి. పేరు మొదట కనిపించిన ఏడు, చివరగా కనిపించిన ఏడు దొరికాక, ఆ రెండేళ్లలో మాత్రం నెల నెలా వెతకండి. మధ్యలో పేరు లేని ఏడు తగిలితే అది డెప్యుటేషనో, దీర్ఘకాలపు సెలవో, బదిలీయో లాగ్ బుక్కులో తేలుతుంది. పాతికేళ్లంటే మీ బడిలోనే పాతికేళ్లా, మొత్తం సర్వీసా అన్నది మాత్రం వెతకడం మొదలుపెట్టక ముందే రాసి పెట్టుకోండి. పేర్లు బయటికొచ్చాక నిబంధన మారిస్తే అది మనుషుల మీద తీర్పులా ఉంటుంది.

పోలీసు యాక్షన్‌కు ముందరి రిజిస్టర్లు ఉర్దూలో, ఫస్లీ (నిజాం ప్రభుత్వం వాడిన లెక్క) సంవత్సరాల్లో ఉంటాయి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. హైదరాబాద్ ఫస్లీ ఏడాది ఆజుర్ నెలతో, అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. ఇంగ్లీషు సంవత్సరం రావాలంటే, ఆజుర్, దై నెలల తేదీలకు ఫస్లీ సంవత్సరానికి 590 కలపాలి. ఇస్ఫందార్ నుంచి ఆబాన్ దాకా 591 కలపాలి. ఈ రెంటికీ మధ్య ఉన్న బహ్మన్ నెల డిసెంబరు–జనవరిల మీద పడుతుంది కాబట్టి తేదీ చూసుకోవాలి. సరిచూసుకోవడానికి ఒక గుర్తు: 1948 సెప్టెంబరు 17 నాటికి నడుస్తున్నది 1357 ఫస్లీ. అంకెలు కూడా ఉర్దూవే ఉంటాయి, నాలుగుకూ ఆరుకూ పొరబడటం తేలిక. చదవగలిగిన పెద్దవాళ్లు ఇద్దరి చేత విడివిడిగా చదివించి, రెండూ కలిస్తేనే రాసుకోండి.

ఇంకో చిక్కు 1983. ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంట్ వయసును 58 నుంచి 55కు తగ్గించడంతో ఆ ఏడు ఫిబ్రవరి 28న చాలామంది ఒక్కరోజే దిగిపోయారు. తర్వాత వయసు మళ్లీ 58 అయింది, కొందరు తిరిగి ఉద్యోగంలో చేరారు. ఒకే మనిషికి రెండు వీడ్కోలు సభల ఫొటోలు దొరికితే కంగారు పడకండి, రెండూ నిజమే కావచ్చు.

ఇంటిపేరు, పొడి అక్షరాలు వాళ్లు సంతకంలో ఎలా రాసుకునేవారో అలాగే పెట్టండి. జాబితా పూర్తయ్యాక నెల రోజులు బడి నోటీసు బోర్డు మీద, మీ వాట్సాప్ గ్రూపులో ఉంచండి. అభ్యంతరాలు ఇప్పుడొస్తే కాగితం మారుతుంది, తర్వాతొస్తే రాయి మార్చాలి.

ప్రశ్న: మా బడిలో ఇలాగే పెట్టించిన నల్లరాయి మీద బంగారు రంగు అక్షరాలు రెండేళ్లకే పోయాయి. రెండు పేర్లలో వత్తులు కూడా తప్పు పడ్డాయి. ఈసారి ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, రామంతాపూర్

జవాబు: అక్షరాలు పోయాయంటే లోతు చాలలేదన్నమాట. లేజర్‌తో గీయించినది నున్నటి రాయి పైపొర మీదే ఉంటుంది, ఇంటి లోపలైతే సరే. వరండాకు, గేటుకు శాండ్ బ్లాస్టింగ్ చేయించండి. రబ్బరు స్టెన్సిల్ అంటించి ఇసుకను ఒత్తిడితో కొట్టి, కనీసం 2–3 మిల్లీమీటర్ల గుంట చేసి రంగు నింపుతారు. రంగు ఎప్పటికైనా వెలుస్తుంది. గుంట ఉంటే మళ్లీ ఎనామిల్ నింపుకోవచ్చు, గుంట లేకపోతే రాయే మార్చాలి. పడమటి ఎండ, జల్లు రెండూ తగలని గోడ ఎంచుకుంటే సగం బాధ తప్పుతుంది.

వత్తుల సంగతి రాయి కొట్టేవాళ్ల తప్పు కాదు, ఫాంటుది. మీరు ఫోన్‌లో యూనికోడ్‌లో టైపు చేసి పంపుతారు. దుకాణంలో చాలాచోట్ల ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతోనే పని. అతికించగానే పిచ్చి గుర్తులొస్తాయి, వాళ్లు చూసి మళ్లీ టైపు కొడతారు. అక్కడే ‘ణ’ కాస్తా ‘న’ అవుతుంది, ‘ళ’ ‘ల’ అవుతుంది. పాత డిజైన్ సాఫ్ట్‌వేర్లలో యూనికోడ్ తెలుగు పెట్టినా వత్తు అక్షరం కిందికి పోకుండా పక్కన నిలబడుతుంది. అందుకే డీటీపీ తెలిసినవాళ్ల చేత పేజీ చేయించి, అక్షరాలన్నీ కర్వ్స్‌లోకి మార్చిన పీడీఎఫ్ ఇవ్వండి. అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీయించి, దాని మీద ఇద్దరు సంతకం పెట్టాకే రాయి ముట్టుకోమనండి. తెరమీద చూసి ‘ఓకే’ అనకండి.

ఆరడుగుల దూరం నుంచి పెద్దవాళ్లు చదవాలంటే అక్షరం ఎత్తు 20 మి.మీ. ఉండాలి. తెలుగుకు పైన గుడి, కింద వత్తు ఉంటాయి కాబట్టి వరుసకు 45 మి.మీ. వదలాలి. 24 పేర్లను రెండు నిలువు వరుసల్లో వేస్తే, శీర్షిక, అంచులతో కలిపి రాయి రెండున్నర అడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు అవుతుంది. 18 మి.మీ. మందంలో అది 40 కిలోలకు తగ్గదు. దాన్ని జిగురుతో ప్లాస్టరింగు మీద అంటిస్తే వానాకాలంలో చెమ్మెక్కి ప్లాస్టరింగుతో సహా ఊడి పడుతుంది, అదీ పిల్లలు తిరిగే చోట. నాలుగు మూలలా రంధ్రాలు చేయించి, స్టీలు యాంకర్ బోల్టులను ఇటుక గోడలోకి దింపి, కింద రెండు చోట్ల దన్ను పెట్టించండి.

ఇవన్నీ చెప్పాక ఒక మాట. వచ్చే ఏడు ఇంకొకరు రిటైరైతే ఆ రాయి మీద చోటుండదు. హాల్లో టేకు చెక్క బోర్డు పెట్టి, పెయింటర్ చేత ఒక్కో పేరూ రాయించుకుంటూ పోవడమే నయం. రాయే కావాలంటే కనీసం మూడో వంతు ఖాళీగా వదలండి.

ప్రశ్న: మా బడిలో 32 ఏళ్లుగా ఊడ్చి, గంట కొట్టి, పిల్లల్ని చూసుకున్న ఆయమ్మ మానేస్తోంది. రోజుకూలీ కింద చేరింది, కాగితం ఏదీ లేదు. శాలువా, నోట్ల దండ వేద్దామనుకుంటున్నాం. సరేనా?
– ఉపాధ్యాయుల బృందం, సైదాబాద్

జవాబు: శాలువాలు ఆమె ఇంట్లో కప్పుకునేవాళ్లు ఎవరు? నోట్ల దండ వద్దు. నోట్లకు పిన్నులు గుచ్చి దండలు కట్టవద్దని రిజర్వు బ్యాంకు కూడా కోరుతోంది. పోగైన డబ్బు నగదుగా చేతికిస్తే వారంలో బంధువుల అవసరాలకు పోతుంది, ఆమె కాదనలేదు.

ఆమెకు 60 దాటితే పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్ ఖాతా తెరిపించండి. కనీసం 1,000 రూపాయలు, ఆ పైన వెయ్యి చొప్పున వేయవచ్చు. గడువు ఐదేళ్లు, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. ఆధార్, పాన్, ఫొటోలు కావాలి. పాన్ లేకపోతే అది చేయించడానికే రోజులు పడుతుంది కాబట్టి సభకు నెల ముందే మొదలుపెట్టండి. ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పుంటే ఇంకా ముందే. నామినీ ఎవరో ఆమెనే, ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. అరవై నిండకపోతే మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్ ఉంది.

కాగితం లేదన్నారు కదా, అది మీరే ఇవ్వండి. పాత వోచర్లు, లాగ్ బుక్కు, గ్రూపు ఫొటోలు చూసి ఏ ఏడు చేరిందో తేల్చుకుని, చేసిన పనులు రాసి, ప్రధానోపాధ్యాయుల సంతకం, ముద్రతో లెటర్‌హెడ్ మీద సర్టిఫికెట్ ఇవ్వండి. సభలో ఆమె పూర్తి పేరు చదవండి. చాలా బళ్లలో ‘ఆయమ్మ’ తప్ప ఇంకో పేరు ఎవరికీ తెలియదు.

ప్రశ్న: మా లెక్కల సార్ పేరున పదో తరగతి బహుమతి పెట్టాం. మూడేళ్లు నడిచి ఆగిపోయింది. మళ్లీ ఎలా నిలబెట్టాలి?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ఏటా చందాలు వసూలు చేసే బహుమతి ఆ వసూలు చేసే మనిషి ఓపిక ఉన్నంత కాలమే ఉంటుంది. ఒకసారి మొత్తం పోగుచేసి డిపాజిట్ వేయండి, కానీ వడ్డీ అంతా ఖర్చు పెట్టకండి. 2 లక్షలకు 7 శాతం చొప్పున ఏడాదికి 14,000 వస్తుందనుకుందాం. 8,000 బహుమతికి వాడి, మిగిలిన 6,000 అసలులో కలపండి. ధరలు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్లలో రెట్టింపవుతాయి. అసలు పెరగకపోతే అప్పటికి మీ బహుమతి విలువ సగమే.

ఖాతా ముగ్గురు మిత్రుల పేర వేయకండి. ఒకరు అమెరికా వెళ్తారు, ఒకరి సంతకం మారుతుంది, బ్యాంకు డబ్బు ఆపేస్తుంది. ఏడుగురు సభ్యులుంటే సొసైటీల చట్టం కింద సంఘం రిజిస్టరు చేసుకోవచ్చు. సంఘం పేరునే పాన్ తీసుకోండి, అది ఇవ్వకపోతే వడ్డీ మీద టీడీఎస్ 20 శాతం కోస్తారు. ఇద్దరికి సమానంగా మార్కులొస్తే ఏం చేయాలో నిబంధనల్లో ముందే రాయండి. ఆ గొడవతో ఆగిన బహుమతులు డబ్బు చాలక ఆగిన వాటికంటే తక్కువేమీ కాదు.

ప్రశ్న: చనిపోయిన డ్రిల్లు సార్ జ్ఞాపకంగా బడి గోడ పక్కన రావి మొక్క నాటొచ్చా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: వద్దండి. రావి వేరు గోడను చీలుస్తుంది, పదేళ్లకు కొట్టేయాల్సి వస్తుంది. ఆట స్థలం అంచున, గోడకు పదిహేను అడుగుల ఎడంగా వేపో, కానుగో పెట్టండి. రెండడుగుల గుంత తీసి, సగం మట్టి, సగం మాగిన పశువుల ఎరువు కలిపి నింపి, తొలకరి వానలు పడ్డాక నాటండి. వచ్చే వేసవి సెలవుల్లో నీళ్లు ఎవరు పోస్తారో వాచ్‌మన్‌తో మాట్లాడాకే పేరు పలక పెట్టండి.