లేజర్ ట్యాగ్‌కి తెల్ల చున్నీ వేసుకెళ్లకండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం లేజర్ ట్యాగ్ గురించే. మన హైదరాబాద్‌లో కాస్త పెద్ద హాలు ఖాళీగా కనిపిస్తే చాలు, లోపల నల్ల రంగు కొట్టి, పొగ పెట్టి, ఒకర్నొకరు వెలుగుతో కొట్టుకునే గన్నులు పిల్లల చేతికిచ్చి టికెట్ పెట్టేస్తున్నారు కదా, దాని గురించి. పోయిన నెల మా తమ్ముడి పిల్లలతో నేనూ ఒకదానికి వెళ్లొచ్చాను. కొత్తగా తెరిచిందే, పేరు చెప్పను.

అక్కా, మా బాబుకి తొమ్మిదేళ్లు నిండుతున్నాయి. మా ఇంటి దగ్గర కొత్తగా లేజర్ ట్యాగ్ పెట్టారు, బర్త్‌డే అక్కడే చెయ్యమని ఒకటే గొడవ. మా అత్తగారేమో లేజర్ పడితే కళ్లు పోతాయి, వద్దే వద్దంటున్నారు. ఏం చెయ్యను?
*— ఒక తల్లి, మియాపూర్*

మీ అత్తగారి చేతికి టీవీ రిమోట్ ఇవ్వండి. మీరు ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తెరిచి, రిమోట్ ముందు భాగంలో ఉండే ఆ చిన్న బల్బు వైపు పెట్టి, ఆవిడని బటన్ నొక్కమనండి. మామూలుగా చూస్తే అక్కడ ఏమీ ఉండదు, ఫోన్‌లో మాత్రం ఊదా రంగులో మిణుకుమిణుకుమంటుంది (వెనక కెమెరాలో చాలా ఫోన్లకి కనబడదు, దానికి ఫిల్టర్ ఉంటుంది, అందుకే సెల్ఫీది అన్నాను). అది ఇన్‌ఫ్రారెడ్ వెలుగు. లేజర్ ట్యాగ్ గన్నుల్లో చాలావాటి నుంచి వచ్చేదీ అదే, పేరుకే లేజర్. రిమోట్‌లో ఒక్కో బటన్‌కి ఒక్కో కోడ్ ఉన్నట్టు ఇక్కడ ఒక్కో గన్నుకి ఒక్కో కోడ్, ఎదుటివాళ్ల జాకెట్ మీద ఉన్న సెన్సర్ ఆ కోడ్ చదివి ఎవరు కొట్టారో రాసిపెట్టుకుంటుంది. ఆట అయ్యాక ఎవరు ఎవర్ని ఎన్నిసార్లు కొట్టారో లెక్క వచ్చేది అందుకే.

కొన్ని గన్నులకి గురి కోసం ఎర్ర చుక్కో పచ్చ చుక్కో పడుతుంది, అది మాత్రం నిజం లేజరే. గన్ను మీద స్టిక్కర్ చూడండి, క్లాస్ 1 అనో క్లాస్ 2 అనో ఉండాలి. క్లాస్ 2 అంటే 1 మిల్లీవాట్ దాటనిది, పొరపాటున కంట్లో పడినా మనం రెప్ప వేసేస్తాం కాబట్టి ఏమీ కాదు. కావాలని కన్ను దగ్గర పెట్టుకుని తేరిపార చూడొద్దని బాబుకి ఒకసారి గట్టిగా చెప్పండి, అంతే. అసలు కళ్ల గురించి అంత బెంగ ఉన్నవాళ్లు వినాయక నిమజ్జనం రోజు డీజే బండి మీద గిరగిరా తిరిగే లేజర్‌కి దూరంగా ఉండాలి. 2023లో మహారాష్ట్రలో గణేశ్ ఊరేగింపుల తర్వాత రెటీనా దెబ్బతిన్నవాళ్లు వచ్చారని కంటి డాక్టర్లే చెప్పారు. మనం మాత్రం పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని మరీ చూపిస్తాం!

అయితే అమ్మా, మీరు అడగని సంగతి ఒకటుంది, నాకు అక్కడ టెన్షన్ పెట్టింది అదే. లోపల చీకటి, పైగా పొగ, వంకరటింకర గోడలు, నాలుగు మలుపులు తిరిగితే వచ్చిన దారే గుర్తుండదు. నేను వెళ్లినచోట రెండో తలుపు ఎక్కడుందని అడిగితే అక్కడి అబ్బాయి చూపించాడు, తలుపు ఉంది, దాని ముందు కూల్‌డ్రింక్ కేసులు నడుమెత్తు దాకా పేర్చి ఉన్నాయి. తీయించమంటే "తీస్తాం మేడమ్" అన్నాడు, మేం ఆడి బయటికొచ్చేదాకా తీయలేదు. 2024 మే 25న రాజ్‌కోట్‌లో గేమ్ జోన్ తగలబడి పాతికమందికి పైగా పోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు, దానికి ఫైర్ ఎన్ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి పత్రం, లేదని తర్వాత తేలింది. అంత దూరం ఎందుకు, 2025 మేలో మన చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్ దగ్గర ఇంట్లో మంటలొస్తే 17 మంది చనిపోయారు, బయటపడే దారి ఇరుకు. అందుకని అడ్వాన్స్ కట్టేముందు ఒకరోజు మీరొక్కరే వెళ్లండి. లైట్లన్నీ వేయించి లోపల తిరగండి, రెండో తలుపు మీ చేత్తో తోసి చూడండి, ఎన్ఓసీ చూపించమనండి. విసుక్కుంటే వచ్చేయండి, బర్త్‌డే ఇంకోచోట చేసుకోవచ్చు.

ఇంకోటి, ఒక ఆట పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. పిల్లలు పన్నెండు మంది వస్తే మిగతా టైమంతా ఏం చేయిస్తారో ముందే ఆలోచించుకోండి.

మా పాపకి ఆస్తమా ఉంది, ఇప్పుడు కంట్రోల్‌లోనే ఉంది. స్కూల్ ఫ్రెండ్స్ అందరూ లేజర్ ట్యాగ్‌కి వెళ్తున్నారు. ఆ పొగ పడుతుందా?
*— దిల్‌సుఖ్‌నగర్*

ఆ పొగ కాల్చితే వచ్చేది కాదు, నీళ్లలో గ్లైకాల్‌గానీ గ్లిజరిన్‌గానీ కలిపి వేడి చేసి వదులుతారు. వెలుగు చారలు గాల్లో కనబడాలంటే అది ఉండాల్సిందే. మామూలు వాళ్లకి గొంతు కాస్త ఆరిపోయినట్టు ఉంటుంది, నాకూ అనిపించింది. ఆస్తమా ఉన్నవాళ్లకి మాత్రం దగ్గు, ఆయాసం రేగొచ్చు, కాబట్టి ముందు మీ డాక్టర్‌ని అడగండి. ఆయన సరేనంటే మామూలు రోజు పొద్దున్నే, మొదటి బ్యాచ్‌కి తీసుకెళ్లండి, శనివారం సాయంత్రానికి పొగ పేరుకుపోయి ఉంటుంది. పొగ మెషిన్ ఆపి ఆడించమని అడగడానికి మొహమాటపడకండి. ఇన్‌హేలర్ లాకర్‌లో పెట్టిన బ్యాగులో కాదు, పాప జేబులోనే ఉండాలి. మీ ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ ఉంటే లోపల టపటపా కొట్టుకునే లైట్లు ఉన్నాయేమో కనుక్కోండి, అవి కొందరికి ఫిట్స్ తెప్పిస్తాయి.

అమ్మా, నాకు 61 ఏళ్లు, రిటైరైన టీచర్ని. మనవరాళ్లు "తాతయ్యా నువ్వూ రావాలి" అని పట్టు పడుతున్నారు. మోకాళ్లు అంతంతమాత్రం. వెళ్తే నవ్వులపాలవుతానేమో?
*— ఉప్పల్*

మాస్టారూ, నవ్వులపాలు ఎలా అవుతారో నన్నడగండి. ఆ రోజు నేను ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చున్నీ వేసుకెళ్లాను. లోపల అడుగు పెట్టగానే ఒంటి మీద ట్యూబ్‌లైట్ చుట్టుకున్నట్టు అయిపోయింది. విషయమేమిటంటే, బట్ట మరీ తెల్లగా కనబడాలని సబ్బు పొడుల్లో ఒక రసాయనం కలుపుతారు, అది అతినీల కాంతి పడగానే నీలంగా వెలుగుతుంది, అక్కడ పెట్టేవేమో అవే లైట్లు. నేను గోడ చాటున నక్కినా చున్నీ కొస బయట మెరుస్తూనే ఉంది. మా మేనకోడలు, పదకొండేళ్లది, "అత్తా, నువ్వు మెట్రో స్టేషన్ నుంచి కూడా కనిపిస్తున్నావ్" అంటూ కొట్టింది. తగిలిన ప్రతిసారీ జాకెట్ గుర్రుమంటుంది, గన్ను కొన్ని సెకన్లు పనిచెయ్యదు, ఆ కొన్ని సెకన్లు పిచ్చిచూపులు చూస్తూ నిలబడటమే. చున్నీ తీసి బ్యాగులో కుక్కి, మూలకి చేరి, ఎవరూ చూడట్లేదనుకుంటే ఎదురుగా అద్దం ఉంది! ఇన్‌ఫ్రారెడ్ అద్దానికి తగిలి తిరిగొస్తుంది, పిల్లలకి ఆ సంగతి తెలుసు, నాకే తెలీదు. చివర్లో స్క్రీన్ మీద 'చింతచిగురు' అనే పేరుతో అందరికంటే కింద ఉన్నదాన్ని నేనే.

మీరు మాత్రం వెళ్లండి. చాలాచోట్ల లోపల పరిగెత్తనివ్వరు, కాబట్టి మోకాళ్లకి మరీ అంత పని ఉండదు. ర్యాంపులూ పై అంతస్తూ మనవరాళ్లకి వదిలేసి కింద, వీపు గోడకి ఆనేలా ఒక మలుపు దగ్గర నిలబడండి, వచ్చేవాళ్లందరూ అక్కడే తిరగాలి, అద్దం లేదని మాత్రం చూసుకోండి. ముదురు రంగు చొక్కా వేసుకోండి. వయసు పెరిగేకొద్దీ కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఎక్కువసేపు పడుతుంది, మొదటి రెండు మూడు నిమిషాలు కదలకపోయినా నష్టం లేదు. బైఫోకల్ అద్దాలైతే అడుగు చూసి వేయండి. ఇక జాకెట్ సంగతి, ముందు బ్యాచ్ పిల్లల చెమటతో తడిసి ఉంటుంది, దానికి నా దగ్గర చిట్కా లేదు.

లేజర్ ట్యాగ్ జపాన్ వాళ్లు కనిపెట్టారని మా ఆయన, కాదు అమెరికా అని నేను. ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ పందెం. మీరే తేల్చాలి.
*— అమీర్‌పేట*

మీరే గెలిచారు. జార్జ్ కార్టర్ అనే ఆయన 1984లో టెక్సస్ రాష్ట్రం డల్లాస్‌లో 'ఫోటాన్' పేరుతో తెరిచినదాన్నే మొదటి అరీనాగా చెబుతారు. అంతకుముందే, 1970ల చివర్లో, అమెరికా సైన్యం జవాన్ల శిక్షణ కోసం తుపాకులకి లేజర్లు, ఒంటికి సెన్సర్లు తగిలించే పద్ధతి తయారు చేసుకుంది, దాన్ని మైల్స్ అంటారు. ఎటు చూసినా అమెరికానే. మటన్ బిర్యానీయే తెప్పించుకోండి, పందెం వేసేటప్పుడు చికెన్ అనుకున్నాం అని మీ ఆయన మాట మార్చేస్తారు.